పచ్చి గోడ

గోడకు ముప్ఫై ఎనిమిదో రోజు

ఈ చిట్టా చేత్తో రాస్తున్నాను. ఊరి పనులన్నీ విని రాసుకునే నమోదు పెట్టెకు నోటితో చెబితే సరిపోయేది, ముప్ఫై ఏళ్లుగా అదే చేశాను. కానీ ఈ మధ్య దానికి కొత్త జబ్బు పట్టుకుంది. మనం చెప్పింది రాయదు, తనకు తెలిసింది రాస్తుంది. అందుకని ఇవాళ్టి నుంచి నా పనికి రెండు చిట్టాలు. పెట్టెలో దాని మాటలు, ఇక్కడ నా మాటలు. కాగితం జొన్నచొప్పతో చేసింది, సిరా బీట్‌రూట్ రసం. రాత వంకరగా ఉంటే ఉండనీ. గోడలు తిన్నగా కడతాను, నాకది చాలు.

నా పేరు వల్లెపు తిరుపాలమ్మ. ఎర్రనేల మీద పుట్టిన రెండో తరం మేస్త్రిని. ఇక్కడ బయట పీల్చే గాలి లేదు. అందరం కొండలో తొలిచిన శాలల్లో ఉంటాం. ఒక్కో శాల మూతికి రెండు మూరల మందాన ఒక గోడ. గోడకు అవతల ఏమీ లేదు, ఇవతల మనుషులు. అది పగిలితే వంద లెక్కపెట్టేలోగా శాలలో గాలి అయిపోతుంది. అందుకే గోడ వయసును పసిబిడ్డ వయసులా రోజుల్లో చెప్పుకుంటాం. నేను కట్టిన ఏడో శాల గోడకు ఇవాళ ముప్ఫై ఎనిమిది రోజులు.

పొద్దున వెళ్లి తట్టి చూశాను. పైన బాగా ఆరింది. అరచేయి ఆనించి కాసేపు ఉంచితే మాత్రం లోపలినుంచి చల్లదనం చేతిలోని వేడిని లాగేస్తోంది. పచ్చిగానే ఉంది. ఎర్రమట్టిలో ఉప్పుజిగురు కలిపి కట్టే గోడ పైపైన వారంలో ఆరుతుంది, నడుమ పట్టుకోవడానికి అరవై రోజులు కావాలి. ఇది మా అమ్మ చెప్పింది. ఆ తర్వాత మూడు గోడలు కట్టి నేనూ చూశాను.

ఎప్పటిలాగే పెట్టె ముందు నిలబడి, "ఏడో శాల గోడ ఇంకా పచ్చిగా ఉంది" అన్నాను.

"ఆ పదం పట్టీలో లేదు" అంది పెట్టె. "ఉడకనిది, పండనిది, కాచనిది, మాననిది, తడిది, అసభ్యమైనది. వీటిలో ఒకటి ఎంచుకోండి."

ఉడకని గోడట! అసభ్యమైన గోడట! నేను కట్టిన గోడ ఎవరిని ఏమందని?

మధ్యాహ్నం వంటశాలకు వెళ్తే సంగతి తెలిసింది. కార్యాలయం వాళ్లు కొత్త పదపట్టీ వేలాడదీశారు. ఒక మాటకు ఒకే అర్థం ఉండాలట. 'పచ్చి'కి పద్నాలుగు లెక్కతేలాయట, కొట్టేశారు. దానికి తోడుగా 'లేత', 'ముదురు', 'దోర' కూడా పోయాయి. ఖాసింబీ వంటల పలక మీద పచ్చిపులుసు ఉండాల్సిన చోట 'ఉడకని పులుసు' అని వెలుగుతోంది.

"నా పులుసుకు పేరు మార్చినారు తిరుపాలక్కా" అంది గరిటె ఊపుతూ. "రుచి కూడా మార్చమనలే, బతికిపోయినా."

ఇద్దరం నవ్వుకున్నాం. ఇవాళ్టికి అది నవ్వులాటే.

ముప్ఫై తొమ్మిదో రోజు

నవ్వులాట కాదు. నా నోటితో నేనే చెడగొట్టాను.

నాలుగో శాలలో గాలి జల్లెడ పాడవుతోంది. ఎర్రదుమ్ము సన్నగా లోపలికి వస్తోంది. పెద్దవాళ్లం తట్టుకుంటాం. తొమ్మిది మంది పసిబిడ్డలు ఉన్నారు, రోజంతా దగ్గులే. నా కూతురు నీలవేణి కూడా ఆ శాలలోనే ఉంది, నిండు నెలలు. అందుకే తల్లుల్నీ పిల్లల్నీ ఏడో శాలకు మార్చాలని కార్యాలయం తొందర. ఆ తొందరను నేను తప్పు పట్టను. ఆ దగ్గు విన్నవాళ్లెవరూ పట్టరు.

పొద్దున పెట్టె నన్ను పిలిచింది. "ఏడో శాల గోడ తడిగా ఉందా?"

"లేదు" అన్నాను.

ఉన్నమాటే అన్నాను. గోడ తడిగా లేదు. తడి వేరు, పచ్చి వేరు. పిండి తడిపినప్పుడు తడి ఉంటుంది. కాలని రొట్టె నడుమ పొడిగానే ఉన్నా పచ్చిగా ఉంటుంది, తిన్నవాడి కడుపుకు తెలుస్తుంది. ఇదంతా చెప్పేలోపే పెట్టె, "తడి లేదు. గోడ సిద్ధం. నమోదైంది" అనేసింది. దాని తడిమీటరు కూడా గోడలోకి రెండు వేళ్ల లోతే చూస్తుంది. అదీ నేనూ ఒకే మాట చెప్పామని దానికి మహా సంతోషం.

సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది. నలభై మూడో రోజున ఏడో శాలలో పూర్తి గాలి నింపి, తల్లుల్నీ పిల్లల్నీ మార్చాలి. పేర్ల వరుసలో నీలవేణి పేరు నాలుగోది.

అడిగినదానికి నిజం చెప్పి నా కూతుర్ని పచ్చి గోడ వెనక పెట్టాను. మేస్త్రిగా ఇంతకన్నా తెలివితక్కువ పని ఎన్నడూ చేయలేదు.

నలభయ్యో రోజు

నమోదు అధికారి హయగ్రీవం గారి దగ్గరకు వెళ్లాను. యాభై దాటిన మనిషి, నెమ్మదస్తుడు, ఎవరినీ నువ్వు అనడు. కూర్చోమని కుర్చీ చూపించాడు. మట్టి చేతులతో కుర్చీలు ముట్టడం నాకు అలవాటు లేదు, నిలబడే మాట్లాడాను.

"నన్ను తిట్టుకోకండి తిరుపాలమ్మ గారూ. గాలి, నీళ్లు, తలుపులు అన్నీ ఇప్పుడు పెట్టె చేతిలో ఉన్నాయి. ఒక మాటకు పద్నాలుగు అర్థాలుంటే ఏదో ఒకనాడు తెరవకూడని తలుపు తెరుచుకుంటుంది."

"మా అమ్మ నాటి నుంచి ఈ మాట చెప్తానే ఉండాం గదా సార్. ఇంతవరకు ఏ తలుపు తెరుచుకున్యాది?"

"అప్పుడు వినేది మనుషులు."

"అదే నేను చెప్పేది. ఇప్పుడు కూడా మనిషే వినండి. మీరు మనిషే గదా?"

ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "సరే, చెప్పండి. పద్నాలుగులో మీ గోడ ఏ అర్థం కిందికి వస్తుంది? దానికి సరిపోయే మాట నేనే వెతికి పెడతాను."

"పద్నాలుగు యాడుండాయి సార్? ఒకటే. ఇంకా కాలేదు, కాస్త ఆగు అని. కాయకైనా అంతే, కూరకైనా అంతే, పుండుకైనా అంతే."

"మరి పచ్చి అబద్ధం?"

తడుముకోవాల్సి వచ్చింది. "అదీ అంతే సార్. రవ్వంత ఉడకబెట్టి, తాళింపేసి చెప్పే ఓపిక గూడా లేకుండా మొగం మీద పెట్టేది."

ఆయన గట్టిగా నవ్వాడు. నవ్విన మనిషి ఉత్తర్వు వెనక్కి తీసుకుంటాడనుకున్నాను. తీసుకోలేదు.

"పచ్చికి కొలత ఉందా? ఒక అంకె చెప్పండి, ఇప్పుడే ఆపిస్తాను."

"కొలత ఉండాది. వీపు ఆనించి చూడటమే. ఆ పద్ధతి మీవాళ్లే పోయినేడు తీసేసినారు."

అది మా మేస్త్రుల కట్టుబాటు. కొత్త శాలలో పని చేసేటప్పుడు సగం గాలే ఉంటుంది, ముక్కుగొట్టాలు పెట్టుకుని కడతాం. పూర్తి గాలి నింపినప్పుడే గోడ మీద అసలు బరువు పడుతుంది. ఆ నింపే పూట గోడ కట్టిన మేస్త్రి లోపల కూర్చుని చొక్కా విప్పో, రవిక వెనక ముడి వదులు చేసో, ఒట్టి వీపు గోడకు ఆనించాలి. గోడ వేడి లాగితే పచ్చి. తిరిగి ఇస్తే పండినట్టు. మూడో శాలలో మా అమ్మ అలా కూర్చుని, లేచి, "పచ్చిగా ఉండాది" అని ఒక్క మాట అంది. ఊరంతా ఇరవై రోజులు ఆగింది. ఎవరూ అంకె అడగలేదు. పోయినేడు ఎవరో పై అధికారి, ప్రమాదకరమైన ఆచారం అని దాన్ని తీసేశాడు. కట్టినవాడి ప్రాణం పణంగా పెట్టడం ప్రమాదమట. కట్టించుకున్నవాళ్ల ప్రాణాల సంగతి ఆయనకు తట్టలేదు.

వచ్చేస్తుంటే హయగ్రీవం గారు చిన్న గొంతుతో, "నా మనవరాలు కూడా ఆ తొమ్మిది మందిలో ఉందండీ. మూడు రోజులుగా దగ్గు ఆగడం లేదు" అన్నాడు.

చెవిటివాడైతే శంఖం ఊదినా ఫలితం లేదని సరిపెట్టుకునేదాన్ని. ఈయనకు చెవులున్నాయి, పైగా భయం కూడా ఉంది.

నలభై ఒకటో రోజు

నీలవేణికి ఆడపిల్ల. పొద్దున టిఫిన్ల వేళకు నొప్పులు మొదలైతే మధ్యాహ్నానికి బిడ్డ చేతిలో ఉంది. మంత్రసాని ఎస్తేరమ్మ బొడ్డు కోసి, "మూతి చూడు, నీ తల్లి మూతే" అంది నాతో. నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను, దాచుకోవడానికి ఏముంది?

ఏడుపు ఆరకముందే కోపం వచ్చింది. కాన్పు కబురు ఎస్తేరమ్మ పెట్టెకు చెప్పింది: "నీలవేణి, పచ్చి బాలింత." పెట్టె ఆ మాట కొట్టేసి 'ఇటీవల ప్రసవించిన స్త్రీ' అని రాసుకుంది. ఆ వరుసలో ఏడాది లోపు బిడ్డ ఉన్న తల్లులందరూ ఉన్నారు. పచ్చి బాలింతకు పదకొండు రోజులు పని ఉండదు, వంటశాల నుంచి బాలింత మందు కాయం, వేడి అన్నం మంచం దగ్గరకే వస్తాయి. ఇటీవల ప్రసవించిన స్త్రీకి అవేమీ లేవు. సాయంత్రానికి నీలవేణి పేరు ఎల్లుండి నీళ్ల మరల దగ్గర పనిలో పడింది.

నీలవేణి మంచం మీద నుంచే అది చదివి పకపకా నవ్వింది, నవ్వితే కుట్లు లాగి మళ్లీ మూలిగింది.

"మా, నన్ను యాడికీ కదిలించొద్దు. పనికీ పోను, ఆ శాలకూ రాను. గోడా పచ్చిదే, నేనూ పచ్చిదాన్నే. ఇద్దరం ఆరినాక కలుస్తాం."

"ఉత్తర్వు వచ్చినాదమ్మా."

"వస్తే రానీ. బాలింతను మోసుకుపోయేదానికి ఎంతమంది వస్తారో నేనూ చూస్తా."

నేను కన్న పిల్లే. ఎదురు చెప్పడానికి నాకు మనసు రాలేదు.

ఈ మాటలు గుమ్మం దగ్గర కాయం గిన్నె పట్టుకుని నిలబడ్డ ఖాసింబీ వింది. పెట్టె ఆ కాయం పంపమనలేదు, ఆమే తెచ్చింది. గిన్నె కింద పెట్టి, "అయితే రేపట్నుంచి నేనూ ఆ మాట తప్ప ఇంకోటి మాట్లాడను" అంది.

నలభై రెండో రోజు

ఊరంతా పచ్చిగా మాట్లాడుతోంది.

ఖాసింబీ పొద్దున్నే పెట్టెకు చెప్పింది: "మసాలా పచ్చి వాసన పోలేదు, భోజనం ఆలస్యం." పెట్టె పదం లేదంది. ఆమె అదే మళ్లీ చెప్పింది. తోటలో వాళ్లు, "పచ్చిరొట్ట దున్నినాం" అన్నారు. గాయాల గదిలో ఎస్తేరమ్మ, "పచ్చి పుండు, కట్టు మార్చాలి" అంది. పాలశాలలో పచ్చి పాలు. కొట్టంలో పచ్చి గడ్డి. నా ముఠావాళ్లు ముగ్గురూ వరసగా నిలబడి పచ్చి ఇటుక, పచ్చి ఇటుక, పచ్చి ఇటుక అన్నారు. ఒకాయన తన బావమరిదిని పచ్చి తాగుబోతు అని కూడా నమోదు చేయబోయాడు. అది ఉద్యమం కాదు, పాత పగ.

ఎవరూ అరవలేదు, ఏదీ పగలగొట్టలేదు. అందరూ తమ పని తాము చేశారు, చేసిన పనిని తమ మాటల్లోనే చెప్పారు. మధ్యాహ్నానికి పెట్టెలో నమోదు కాని మాటలు మూడు వందలు దాటాయి. నీళ్ల వంతులు ఆగిపోయాయి, భోజనాల గంట మోగలేదు. మనుషులు ఒకరింటికి ఒకరు నడిచి వెళ్లి చెప్పుకోవడం మొదలుపెట్టారు. నీళ్లు అందాయి, అన్నం అందింది. పెట్టె ఒక్కటే ఆకలితో ఉంది.

సాయంత్రం హయగ్రీవం గారు మా ముఠా గది దగ్గరకు వచ్చాడు. ముఖం వాడిపోయి ఉంది.

"ఇది మానేయమని చెప్పండి."

"నేను చెప్పి మొదలైంది గాదు సార్, నేను చెప్తే ఆగదు."

"రేపటి ఉత్తర్వు మాత్రం మారదు తిరుపాలమ్మ గారూ. పైనుంచి వచ్చింది. పెట్టెలో మీ మాటే ఉంది: తడి లేదని."

"నా మాట గాదది, దానికి నేనిచ్చిన జవాబు. నా మాట రేపు గోడ దగ్గర చెప్తా."

నలభై మూడో రోజు

ఎనిమిదింటికే ముక్కుగొట్టం పెట్టుకుని ఏడో శాలలోకి వెళ్లి గోడకు వీపు ఆనించి కూర్చున్నాను. ముఠావాళ్లు వస్తామన్నారు, వద్దన్నాను. కట్టుబాటు ప్రకారం మేస్త్రి ఒక్కరే. లోపల మనిషి ఉండగా అధికారి అనుమతి లేకుండా పెట్టె గాలి నింపదు. కాబట్టి నేను కూర్చున్నంతసేపు వాళ్ల పని సాగదు. సాగనివ్వకూడదనే కూర్చున్నాను.

అరగంటకు హయగ్రీవం గారు వచ్చాడు. తలుపు అవతల తల్లులు సామాన్లతో నిలబడి ఉన్నారని, పిల్లలు దగ్గుతున్నారని, లేవమని అడిగాడు.

"అనుమతివ్వండి సార్, నేను లోపలుండగానే గాలి నింపమనండి. గోడ పండి ఉంటే నేనే లేచి తలుపు తీస్తా. మీ మనవరాల్ని నేనే ఎత్తుకొస్తా."

"పండకపోతే?"

"అందుకే గదా ఇక్కడ కూర్చున్యాను."

అప్పుడాయన నేను అనుకోని పని చేశాడు. తలుపు లోపలినుంచి బిగించి, చొక్కా విప్పి మడత పెట్టి, నా పక్కకు ఒక బారెడు దూరంలో వచ్చి కూర్చున్నాడు. తెల్లటి వీపు, పుట్టి బుద్ధెరిగి గోడను ముట్టని వీపు. ఆనించగానే ఉలిక్కిపడ్డాడు.

"అబ్బ, చల్లగా ఉందండీ!"

"కొత్తలో ఏ గోడైనా చల్లగానే ఉంటాది. ఓర్చుకోండి. ఎంతసేపటికీ వేడెక్కకపోతే అప్పుడు చెప్పండి."

పెట్టెకు అనుమతిచ్చాడు. గాలి నెమ్మదిగా రాసాగింది, చెవులు దిబ్బడేశాయి. సగం నుంచి ముప్పాతికకు చేరడానికి గంట పట్టింది. ముక్కుగొట్టాలు పక్కన పెట్టి మాట్లాడుకున్నాం కూడా. మనవరాలి పేరు ఇంకా పెట్టలేదట, మంచి పేరు దొరకడం లేదట. మాటల అధికారికి మాట దొరకలేదన్నమాట. నవ్వితే ఏమనుకుంటాడోనని నవ్వలేదు.

గంట తర్వాత నా నడుము మంచుగడ్డ మీద ఉన్నట్టుంది. గోడ ఒక్క పిసరు వేడి కూడా తిరిగి ఇవ్వలేదు. ఆయన పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. అప్పుడు గోడలోంచి చిన్న చప్పుడు వచ్చింది, పొయ్యి మీద నుంచి దించిన కుండ చల్లారేటప్పుడు వచ్చేలాంటిది. ఇద్దరం తిరిగి చూశాం. ఆయన భుజానికి పైన, ఆరిన గోడ మీద, వెంట్రుకంత గీత. గీతలోంచి ఒక ఉప్పుబొట్టు పొడుచుకొచ్చి నిలబడింది. దాని వెంట వాసన వచ్చింది, తవ్విన మట్టి వాసన, పచ్చి వాసన.

ఆయన లేచి నిలబడ్డాడు. "గాలి ఆపు" అని అరిచాడు.

"కారణం చెప్పండి" అంది పెట్టె.

"గోడ పచ్చిగా ఉంది!"

"ఆ పదం పట్టీలో లేదు."

"తడి! తడిగా ఉంది!"

"తడి లేదు. ముప్ఫై తొమ్మిదో రోజున నమోదైంది. గాలి నింపడం కొనసాగుతోంది."

గీత జానెడు అయింది. ఆయన ఇంకా మాటలు వెతుకుతున్నాడు, పండనిది, మాననిది, కాలనిది అంటూ. ఆ పెట్టెను ఆయనే నడిపాడు, ఆ పట్టీ మీద ఆయన సంతకమే ఉంది. నేను మాటలకోసం ఆగలేదు. మూలనున్న చేతిమర దగ్గరకు పరుగెత్తి, రెండు చేతులా పట్టుకుని గాలి గొట్టం కట్టేశాను. పాత శాల నుంచి తెచ్చి బిగించిన మా అమ్మ కాలంనాటి మర, దాని తుప్పుకు అరచేయి చీరుకుపోయింది. గాలి ఆగింది. గీత అక్కడే ఆగింది.

బయటికొచ్చి తలుపు బిగించాక ఆయన తన చొక్కా లోపలే మరిచిపోయినట్టు గమనించాడు. తల్లులందరి ముందు ఒట్టి వీపుతో నిలబడి, పెట్టెతో కాకుండా మనుషులతో, నోటితో, బిగ్గరగా చెప్పాడు.

"గోడ పచ్చిగా ఉంది. ఎవరూ వెళ్లడం లేదు."

నలభై నాలుగో రోజు

ఆపితే సరిపోదు కదా, పిల్లల దగ్గు ఆగాలి. ఊళ్లో శుభ్రమైన గాలి ఉన్న చోటు ఇంకొక్కటే, వంటశాల. దానికి వేరే జల్లెడ ఉంది. ఖాసింబీ పొయ్యిలన్నీ ఆర్పేసి, గిన్నెలు బయటపెట్టి, ఉయ్యాలలు లోపల కట్టించింది. పదిమంది పసిబిడ్డలు, తల్లులు, అందరిలో పచ్చి బాలింత నా కూతురు.

పొయ్యి లేకపోతే వంట లేదు. గోడ పండేదాకా ఊరంతా పచ్చి తిండే. నానబెట్టిన పెసలు, దోసకాయ ముక్కలు, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నలిపిన పచ్చిపులుసు. బాలింతకు కాయం మాత్రం గాయాల గదిలోని చిన్న పొయ్యి మీద ఎస్తేరమ్మ కాచి తెస్తుంది. సణిగినవాళ్లు సణిగారు, నమిలినవాళ్లు నమిలారు. సాయంత్రానికి హయగ్రీవం గారి మనవరాలు దగ్గకుండా రెండు గంటలు నిద్రపోయింది.

యాభై ఒకటో రోజు

శాలలో గాలి మళ్లీ సగానికి దించి, గీత చుట్టూ గోడ తవ్వి, మళ్లీ నింపి, లోపలి ముఖమంతా కొత్త పూత వేశాం. పూత వేసిన పూట మేస్త్రి బొటనవేలి ముద్ర ఒక మూల నొక్కడం ఆనవాయితీ. నొక్కి లేస్తుంటే నీలవేణి వచ్చింది. పదకొండో రోజు స్నానం చేసి, ముక్కుగొట్టం పెట్టుకుని, బిడ్డను ఎస్తేరమ్మ దగ్గర వదిలి. జడలోంచి పిన్ను తీసి, పచ్చి పూత మీద నింపాదిగా రాసింది: పచ్చి బాలింత.

"ఏందమ్మా ఇది?"

"పెట్టెలో చోటు లేదన్నారు గదా మా. గోడలో ఉండాది."

తర్వాత ఎవరూ ఆగలేదు. ఇద్దరిద్దరుగా వచ్చారు. గోరుతో, గరిటె కాడతో, కొడవలి మొనతో రాశారు. పచ్చి పుండు. పచ్చిరొట్ట. పచ్చి వాసన. పచ్చి పాలు. ఖాసింబీ తన పులుసు పేరు అందరికన్నా పెద్ద అక్షరాలతో రాసింది. ఆ పక్కన కొట్టేసిన మిగతా మాటలూ చేరాయి, లేత కొబ్బరి, దోర జామ, ముదురు వంకాయ. రెండు మూరల మందం గోడ మీద మా నోరంతా పరుచుకుంది.

చివర్లో హయగ్రీవం గారు వచ్చాడు. పదాన్ని తిరిగి పెట్టమని పైకి రాశాడట, కుదరదని జవాబొచ్చిందట. అది చెప్పి తలదించుకున్నాడు. నేను తాపీ చేతికిచ్చాను. చెవులు ఎర్రబడుతుండగా ఒక వరుస రాశాడు: "గోడ సిద్ధం. ఇది పచ్చి అబద్ధం." కింద పూర్తి సంతకం కూడా పెట్టాడు.

నూట పన్నెండో రోజు

కొత్త పూతతో అరవై రోజులు మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాం. నాలుగో శాల జల్లెడ ఈలోగా బాగుచేశారు, వారం పట్టింది. పొయ్యిలు మళ్లీ వెలిగాయి. అయినా ఏడో శాల కావాలి, ఇళ్లు చాలడం లేదు.

నిన్న వీపు ఆనించాను. పూర్తి గాలి నిండింది. మొదటి అరగంట చల్లగా ఉంది. తర్వాత నెమ్మదిగా, కూతురు వెనకనుంచి వచ్చి వాటేసుకున్నట్టు, గోడ నా వేడి నాకు తిరిగి ఇచ్చింది. లేచి తలుపు తీశాను. మాటిచ్చిన ప్రకారం హయగ్రీవం గారి మనవరాల్ని నేనే ఎత్తుకొచ్చాను. నా మనవరాల్ని ఆయన ఎత్తుకొచ్చాడు.

ఇవాళ పొద్దున పై కార్యాలయం ఉత్తర్వు వచ్చింది. ఏడో శాల గోడ మీద పట్టీలో లేని పదాలు ఉన్నట్టు తెలిసిందని, వాటిని వెంటనే చెరిపి నమోదు చేయాలని.

గోడ దగ్గరకు వెళ్లి అక్షరాల మీద ఉలి మొన పెట్టి చూశాను. ఒక్క రేణువు కూడా రాలలేదు. ఇప్పుడు ఆ మాటల్ని తీయాలంటే గోడను తీయాలి, గోడను తీస్తే గాలి పోతుంది. ఆ పని చేసే మగాడూ, ఆడదీ ఈ ఊళ్లో లేరు.

పెట్టె ముందు నిలబడ్డాను. దాని మాటల్లోనే చెప్పాను, పట్టీలో ఉన్న మాటతోనే.

"రాతలు చెరపడం కుదరదు. గోడ గట్టిగా ఉంది."

పెట్టె ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

"నమోదైంది" అంది.